అయిదు డైరీలు, ఒకటే ఫిర్యాదు

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 37 ఏళ్లు. ఉద్యోగం చేస్తాను, ఇద్దరు పిల్లలు. నాకు డైరీ రాసే అలవాటు ఉంది. నిజానికి మొదలుపెట్టే అలవాటు ఉంది అనాలి. ఈమధ్య అల్మారా సర్దుతుంటే పాత డైరీలు అయిదు బయటపడ్డాయి. కూర్చుని చదివితే ఏడుపొచ్చింది. అయిదేళ్ల కిందట ఏం రాశానో మొన్న కూడా అదే రాశాను. రాత్రి ఫోన్ చూడను, పిల్లల మీద అరవను, ప్రమోషన్ పరీక్షకు చదువుతాను. ఈ మూడే. అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుంటే ఒంటి గంట అవుతుంది, ఒక్కోసారి రెండు. పొద్దున లేవలేను. ఇక హడావిడి, అరుపులు. పరీక్ష పుస్తకం మూడో పాఠం దగ్గరే ఆగిపోయింది. మచ్చుకి నా డైరీలో ఒక పేజీ: "మళ్లీ అదే తప్పు. నాకు సిగ్గు లేదు. ఎన్నిసార్లు చెప్పుకున్నా బుద్ధి రాదు. రేపటి నుంచి పదిన్నరకు ఫోన్ పక్కన పెట్టేస్తాను, ఇదే ఆఖరు." మావారికి చెబితే "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు, ఊరికే ఎందుకు రాస్తావు" అని నవ్వుతారు. డైరీ రాస్తే నిజంగా మనిషి మారతాడా? మారాలంటే ఏం రాయాలి, ఎంత రాయాలి? రాసింది మావారికి చూపించమంటారా?
— పేరు వద్దనుకున్న పాఠకురాలు

జవాబు: మీరు పంపిన ఆ పేజీని మళ్లీ మళ్లీ చదివాను. మిమ్మల్ని మీరు ఎంతలా తిట్టుకున్నారో తెలిసింది. ఆ రాత్రి ఏం జరిగిందో మాత్రం ఒక్క ముక్క కూడా తెలియలేదు. ఫోన్ ఎన్నింటికి చేతిలోకి తీసుకున్నారు, ఎక్కడ కూర్చున్నారు, అంతకు ముందు ఏం చేస్తున్నారు, ఏం చూద్దామని తెరిచారు, ఏం చూస్తూ ఉండిపోయారు? ఏదీ లేదు. విచారణ చేయకుండానే తీర్పు రాసేసిన జడ్జిగారి కాగితంలా ఉంది. నేరం ఒప్పుకున్నారు, శిక్ష వేసుకున్నారు, ఇంకెప్పుడూ చేయనని హామీ కూడా రాసిచ్చారు. మర్నాడు రాత్రి మళ్లీ అదే కేసు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. ఇలాంటి డైరీ ఇంకో అయిదేళ్లు రాసినా ఏమీ మారదు. నన్నడిగితే, ఇది కొంచెం చెడు కూడా చేస్తుంది. కడుపునిండా తిట్టుకున్నాక మనసు తేలికపడుతుంది. చేయాల్సింది ఏదో చేసేశామన్న తృప్తి కూడా కలుగుతుంది. నిజానికి ఆ రోజు చేసింది ఏమీ ఉండదు.

కానీ అదే పుస్తకం, అదే పెన్నుతో ఇంకోలా రాయొచ్చు. ఆ రెండో రకం రాత పనిచేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను, దానికి కారణాలు చెబుతాను.

ముందు అలవాటు సంగతి చూద్దాం. 2002లో వెండీ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసినవాళ్లు కలిసి కొంతమంది విద్యార్థుల చేత గంట గంటకూ చిన్న నోట్ రాయించారు. ఇప్పుడు ఏం చేస్తున్నావు, మనసులో ఏం నడుస్తోంది అని. తీరా చూస్తే వాళ్లు చేసే పనుల్లో దాదాపు 43 శాతం రోజూ, ఇంచుమించు ఒకే చోట, ఒకే తీరులో జరిగిపోతున్నవే. పైగా అలాంటి పని చేస్తున్నప్పుడు చాలాసార్లు వాళ్ల ఆలోచన ఆ పని మీద లేదు. చెయ్యి ఇక్కడ, మనసు ఇంకెక్కడో.

మీ రాత్రులకు ఇది సరిగ్గా సరిపోతుంది. పదిన్నరకు ఫోన్ పక్కన పెట్టేస్తానన్న నిర్ణయం మీరు తీసుకున్నది అర్ధరాత్రి దాటాక, బాధలో ఉన్నప్పుడు. మర్నాడు పదిన్నరకు ఆ బాధ ఉండదు, ఆ నిర్ణయం గుర్తూ రాదు. ఇంట్లో సద్దుమణుగుతుంది, మీరు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంటారు, చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్తుంది. అక్కడ మీ సంకల్పం ఓడిపోలేదు. అసలు దాన్ని ఎవరూ పిలవలేదు. అందుకే "నాకు సిగ్గు లేదు" అన్న వాక్యం అన్యాయమే కాదు, తప్పు కూడా. సిగ్గు లేకపోతే అయిదు డైరీలు ఎందుకు రాస్తారు?

డైరీ చేయాల్సిన పని ఆ క్షణాన్ని పట్టి చూపించడం. చెయ్యి ఫోన్ మీదికి వెళ్లే ముందు ఏం ఉంది? ఎవరు ఏమన్నారు? మీకు ఎలా ఉంది? ఆ కాస్త ముందు భాగం మీ అయిదు డైరీల్లో ఒక్కచోట కూడా ఉండి ఉండదని నా అనుమానం.

అందుకని ఒక పది రోజులు ఏమీ మార్చుకోవద్దు. ఇది విని మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు, కానీ నిజంగానే చెబుతున్నాను. ఫోన్ చూడాలనిపిస్తే చూడండి. అరుపు వచ్చేస్తే వచ్చేసిందనుకోండి. రాయడం మాత్రం వదలొద్దు. మూడు నాలుగు వాక్యాలు చాలు. ఎన్ని గంటలకు, ఎక్కడ, అంతకు ముందు ఏం జరిగింది, ఒంట్లో ఎలా ఉంది, ఎంతసేపు, తర్వాత ఎలా ఉంది. "ఛీ", "మళ్లీ", "ఎప్పుడూ", "రేపటి నుంచి" అనే మాటలు ఈ పది రోజులూ రాయకూడదు. వస్తే కొట్టేసి, ఆ చోట జరిగింది రాయండి.

మీ పేజీనే ఇంకోలా రాస్తే ఇలా ఉండొచ్చు. ఇది నా ఊహే, మీ రాత్రి నాకు తెలియదు కదా. "10:50. వంటిల్లు సర్దడం అయింది. చిన్నవాడు రెండుసార్లు లేచాడు. సోఫాలో కూర్చున్నాను. కాళ్లు లాగుతున్నాయి. పొద్దుటి నుంచి ఇప్పుడే కూర్చున్నాను అనిపించింది. ఆఫీసు గ్రూపులో మెసేజ్ ఉందేమో చూద్దామని ఫోన్ తీశాను. లేదు. వీడియోలు మొదలయ్యాయి. 11:40కి కళ్లు మండాయి. లేస్తే మళ్లీ రేపే కదా అనిపించి లేవలేదు. 1:10కి పడుకున్నాను."

రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదాంట్లో పట్టుకోవడానికి ఎన్ని కొసలు దొరికాయో! పొద్దుటి నుంచి ఇప్పుడే కూర్చోవడం ఒక కొస. ఆఫీసు గ్రూపు ఒక కొస. "లేస్తే మళ్లీ రేపే కదా" అన్నది అన్నింటికన్నా పెద్దది. దాని సంగతి కాస్త ఆగి మాట్లాడుకుందాం.

రాయడం ఒక్కటే కొంత మార్పు తెస్తుందన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. బరువు తగ్గాలనుకున్న దాదాపు 1,700 మందితో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2008లో అచ్చయింది. తిన్నది రోజూ రాసుకున్నవాళ్లు, అసలు రాయనివాళ్ల కన్నా దాదాపు రెండింతలు బరువు తగ్గారు. అంతకు చాలా ముందే, 1973లో, అజ్రిన్, నన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు గోళ్లు కొరకడం లాంటి అలవాట్లకు ఒక చికిత్స తయారు చేశారు. అందులో మనిషి మొదట నేర్చుకోవాల్సింది ఆ పని ఎప్పుడు మొదలవుతోందో గమనించడం. చెయ్యి నోటి దాకా వచ్చాక కాదు, లేవబోతున్నప్పుడే. ఆ తర్వాత అదే చేతికి ఇంకో పని ఇవ్వడం. గమనిక లేకుండా ఆ రెండో మెట్టు ఎక్కలేరు. మీరు అయిదేళ్లుగా నేరుగా రెండో మెట్టు మీదికి దూకుతున్నారు.

మధ్యలో ఒక పెద్దమనిషి గురించి చెబుతాను. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో తనకు కావాల్సిన 13 మంచి గుణాలు రాసుకుని, ఒక చిన్న పుస్తకంలో గళ్లు గీసుకున్నాడు. నిలువునా వారానికి ఏడు రోజులు, అడ్డంగా గుణాలు. తప్పు జరిగినప్పుడు ఆ గడిలో ఒక నల్ల చుక్క పెట్టేవాడు. అంతే, తిట్లు లేవు, ఒట్లు లేవు. వారానికి ఒక్క గుణం మీదే గట్టిగా దృష్టి పెట్టేవాడు, మిగిలిన పన్నెండింటి చుక్కలు వాటిమానాన పడేవి. వస్తువులూ పనులూ క్రమంలో పెట్టుకోవడం మాత్రం తనకు చివరికీ పట్టుబడలేదని ముసలితనంలో ఆయనే ఒప్పుకున్నాడు. అయినా ప్రయత్నించకపోయి ఉంటే ఇంతకన్నా అధ్వానంగా ఉండేవాడినని రాసుకున్నాడు. మీరు పదమూడు పెట్టుకోవద్దు గానీ, మూడింటి మీదా ఒకేసారి పడకూడదన్న తెలివి ఆయన దగ్గర తీసుకోవచ్చు.

మూడింటిలో ఏది ముందు? మీ ఉత్తరంలోనే జవాబు ఉంది, మీరు గమనించినట్టు లేదు. రాత్రి ఆలస్యం, పొద్దున లేవలేకపోవడం, హడావిడి, అరుపులు అని మీరే వరసగా రాశారు. పిల్లల మీద అరవడం ఎనిమిదింటికి మొదలవలేదు, ముందు రాత్రి పదకొండింటికే మొదలైంది. నిద్ర చాలని మనిషికి ఓపిక తక్కువ ఉంటుంది, దీనికి పరిశోధన కూడా అక్కర్లేదు. చదువు ఆగిపోవడానికీ బహుశా అదే కారణం. అందుకని అరుపుల గురించి ప్రస్తుతానికి విడిగా పోరాడకండి. రాత్రి ఒక్కటే పట్టుకోండి. అయితే పది రోజుల రాతలో ఇంకోలా కనిపిస్తే, నా మాట పక్కన పెట్టి మీ పేజీని నమ్మండి. బాగా పడుకున్న రోజున కూడా అరిచినట్టు తేలితే కారణం వేరే ఉందన్నమాట.

ఇప్పుడు ఆ "లేస్తే మళ్లీ రేపే కదా" దగ్గరికి వద్దాం. నెదర్లాండ్స్‌లో ఫ్లోర్ క్రూసే అనే పరిశోధకురాలు, ఆమె బృందం 2014లో ఒక విషయం మీద వ్యాసం వేశారు. పడుకోవాలని అనుకున్న వేళకు, ఆపేవాళ్లు ఎవరూ లేకపోయినా, పడుకోకుండా వాయిదా వేసే అలవాటు గురించి. నిద్ర పట్టకపోవడం వేరు, ఇది వేరు. ఇందులో నిద్ర వస్తూనే ఉంటుంది, మనిషే వెళ్లడు. ఎందుకు వెళ్లరన్నదానికి మనిషికో కారణం ఉంటుంది. కానీ ఉద్యోగం, ఇల్లు, పిల్లలు మూడూ మోసేవాళ్ల దగ్గర నేను తరచూ వినేది ఒకటే: ఆ రెండు గంటలే నావి. పొద్దుటి నుంచి ఎవరో ఒకరికి జవాబు చెబుతూనే ఉన్నాను, ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగరు.

మీ విషయంలో కూడా ఇదే నిజమైతే, పదిన్నరకు ఫోన్ తీసేసుకోవడం అంటే రోజంతటిలో మీకున్న ఒక్క ఖాళీని తీసేసుకోవడం. మీ మనసు దానికి ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడంలో తప్పు కూడా లేదు. పాత అలవాటు ఏదైనా మనకు ఏదో ఒకటి ఇస్తుంది కాబట్టే ఉంటుంది. అదేమిటో రాసుకోకుండా వదిలించుకోవాలని చూస్తే, అది వెళ్లినట్టే వెళ్లి ఇంకో రూపంలో తిరిగొస్తుంది. అందుకే పదకొండో రోజున పూర్తి పేజీ ఒకటి రాయండి. దానికి ఒకే ప్రశ్న: ఈ ఫోన్ నాకు ఏం ఇస్తోంది? సిగ్గుపడకుండా రాయండి. విశ్రాంతి ఇస్తోందా, నవ్వు తెప్పిస్తోందా, రేపటి టెన్షన్ మరిపిస్తోందా, ఎవరితోనో మాట్లాడినట్టు ఉంటోందా? ఆ కింద ఇంకో ప్రశ్న. అదే వస్తువు కాస్త ముందు వేళ, కాస్త తక్కువ ఖరీదుకు ఎక్కడ దొరుకుతుంది? తొమ్మిదింటికి అరగంట, తలుపు వేసుకుని, ఎవరూ పిలవకుండా దొరికితే పదకొండింటికి రెండు గంటలు దొంగిలించాల్సిన అవసరం తగ్గుతుంది. ఆ అరగంటలో ఫోనే చూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇక్కడే మీరు అడగని ఒక ప్రశ్న నేను అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ ప్రమోషన్ పరీక్ష మీకు నిజంగా కావాలా? అయిదేళ్లుగా మూడో పాఠం దగ్గర ఆగిన పుస్తకం బద్ధకానికే గుర్తు కానక్కర్లేదు. ఆ ఉద్యోగంలో మీకు మనసు లేకపోవచ్చు, లేదా పై హోదాతో వచ్చే బాధ్యత అంటే భయం ఉండొచ్చు, లేదా తోటివాళ్లు రాస్తున్నారు కాబట్టి నేనూ రాయాలి అన్న మొహమాటం ఉండొచ్చు. లేదా నిజంగానే కావాలి, తీరికే లేదు. ఇవన్నీ వేరు వేరు సంగతులు, వేరు వేరు దారులు. ఎదుగుదల అంటే ఎవరో అనుకున్న మెట్టు ఎక్కడమే కాదు. వద్దనుకున్నదాన్ని వద్దని రాసుకుని, ఆ పుస్తకం తీసేసి, ఆ అపరాధ భావాన్ని వదిలించుకోవడం కూడా మీరు ఎంచుకోగల దారే. దీనికి ఇంకో పేజీ కేటాయించండి. "నాకు ఈ పరీక్ష ఎందుకు కావాలంటే" అని మొదలుపెట్టి, ఆగకుండా ఓ పది నిమిషాలు. పెన్ను ఎక్కడ నెమ్మదిస్తుందో గమనించండి.

ఇవి అయ్యాక ఒక్క ప్రణాళిక వాక్యం రాయాలి. మీరు ఇప్పటిదాకా రాసిన ప్రతిజ్ఞల్లో పదిన్నర అనే గడియారం వేళ ఉంది. గడియారాన్ని ఆ సమయంలో ఎవరు చూస్తారు? దాని బదులు ఎలాగూ జరిగే ఒక పనికి కొత్త పనిని ముడిపెట్టండి. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు ఎన్నో ఏళ్లు దీని మీదే పరిశోధన చేశారు. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే ఒక వాక్యంగా పెట్టుకున్నవాళ్లు, ఊరికే చేస్తాను అనుకున్నవాళ్ల కన్నా బాగా ఎక్కువగా చేసి చూపించారు. 2006లో ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినా అదే తేలింది. మీ వాక్యం ఇలా ఉండొచ్చు: "వంటింట్లో లైటు ఆర్పగానే ఫోన్‌ను హాల్లో చార్జింగ్‌కి పెట్టి, పడకగదిలోకి వెళ్తాను." అలారం కోసం ఫోన్ కావాలి అంటారేమో. ఒక మామూలు అలారం గడియారం కొనుక్కోండి. ఆ సాకు నేను చాలా మంది దగ్గర విన్నాను.

ఒక్క వాక్యమే పెట్టుకోండి. దాన్ని ప్రతి రాత్రీ డైరీలో పైన రాసి, కింద జరిగిందా లేదా, లేకపోతే ఏం అడ్డొచ్చింది అన్నది రాయండి. రెండు వారాల తర్వాత ఆ వాక్యం పనిచేయకపోతే మార్చాల్సింది వాక్యాన్ని. లైటు ఆర్పేది మీరు కాకుండా వేరేవాళ్లయితే ఆ ముడి పనికిరాదు కదా, ఇంకోదానికి కట్టండి.

తప్పిన రోజు గురించి. తప్పుతుంది, అది ఖాయం. అలెన్ మార్లట్ అనే ఆయన తాగుడు, సిగరెట్ మానేసినవాళ్లు మళ్లీ ఎందుకు మొదలుపెడతారో చూశాడు. ఒక్కసారి తప్పడం వల్ల కలిగే నష్టం కన్నా, ఆ తర్వాత "నా వల్ల కాదు, నేనింతే" అనుకోవడం వల్ల కలిగే నష్టం ఎక్కువని ఆయన చెప్పాడు. మీ పేజీలో "ఎన్నిసార్లు చెప్పుకున్నా బుద్ధి రాదు" అన్న వాక్యం సరిగ్గా అదే పని చేస్తోంది. తప్పిన రాత్రి మామూలుగా రాసే మూడు వాక్యాలే రాసి పడుకోండి. ఆ రోజు రాతే అన్నింటికన్నా విలువైంది, ఎందుకంటే మీ ప్రణాళికలో చిల్లు ఎక్కడుందో అందులోనే కనిపిస్తుంది.

అలాగే 21 రోజుల్లో అలవాటు మారిపోతుందన్న మాట నమ్మకండి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి మనుషులకు కనీసం 21 రోజులైనా పడుతోందని 1960లో రాశాడు. ఆ నోటా ఈ నోటా తిరుగుతూ "కనీసం" అన్న ముక్క రాలిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ఇచ్చిన లెక్క ప్రకారం, కొత్త పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టీ, పనిని బట్టీ 18 నుంచి 254 దాకా అంచనా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా పడలేదన్నది ఆ అధ్యయనంలో నాకు బాగా నచ్చిన సంగతి. మూడు వారాలకే మారలేదని డైరీ మూసేయకండి.

రాసినదాన్ని చదవడం చాలామంది మర్చిపోతారు. వారానికి ఒకసారి, సెలవు రోజున, ఓ పావుగంట వెనక్కి తిరగేయండి. మీ అయిదు పాత డైరీలను కూడా పారేసే ముందు ఒకసారి పెన్సిల్ పట్టుకుని చదవండి, ఈసారి ఏడవడానికి కాదు. ఎక్కడైనా పొరపాటున వేళ, చోటు, మనిషి, సంఘటన రాసి ఉంటే కింద గీత పెట్టండి. రాత్రి ఫోన్ గోల లేని నెలలు ఏవైనా ఉన్నాయేమో వెతకండి. ఉండే ఉంటాయి. అలవాట్లు బాగున్న రోజుల్లో మనం డైరీ రాయం, అందుకే పాత డైరీలు మనల్ని ఉన్నదానికన్నా చెడ్డగా చూపిస్తాయి. పేజీలు ఖాళీగా ఉన్న ఆ నెలల్లో ఇంట్లో ఏం వేరుగా ఉందో గుర్తు తెచ్చుకుంటే మీకు మంచి ఆధారం దొరకొచ్చు.

ఎంత రాయాలి అన్నారు. మామూలు రోజుల్లో మూడు నాలుగు వాక్యాలు. కాగితం మీదే రాయండి, మీ విషయంలో గోలంతా ఫోన్‌తోనే కాబట్టి. రాత్రి నిద్రమత్తులో రాయడం కష్టమైతే మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ రాయండి. కోపం గురించైతే అరిచిన గంటలోపే ఒక ముక్క రాసిపెట్టుకుంటే మంచిది, సాయంత్రానికి కథ మారిపోతుంది.

ఎక్కువ రాయాల్సిన సందర్భం ఒకటుంది. రోజువారీ రాతలో ఏదో పాత గాయం మళ్లీ మళ్లీ తలెత్తుతుంటే, ఎవరో అన్న మాట, పోగొట్టుకున్న మనిషి, చెప్పుకోలేని అవమానం, అలాంటిదానికి మూడు వాక్యాలు చాలవు. జేమ్స్ పెనెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో విద్యార్థులతో చేయించిన పద్ధతి అప్పుడు పనికొస్తుంది. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, జరిగినదాన్నీ దాని గురించి లోపల ఉన్నదాన్నీ కలిపి, అక్షర దోషాలు చూసుకోకుండా రాయడం. అలా రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో మామూలు విషయాలు రాసినవాళ్ల కన్నా డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. ఆయన తర్వాతి ఏళ్లలో ఆ రాతల్లోని మాటలు లెక్కపెట్టి చూస్తే, రోజులు గడిచేకొద్దీ "ఎందుకంటే", "అందువల్ల", "ఇప్పుడు అర్థమవుతోంది" లాంటి మాటలు పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. రాసిన వెంటనే కాస్త దిగులుగా ఉండటం మామూలే. కానీ నాలుగో రోజు కూడా మొదటి రోజు వాక్యాలే తిరుగుతుంటే, రాత సాగడం లేదు, మనసు అక్కడక్కడే గింగిరాలు కొడుతోందని అర్థం. అప్పుడు ఆపేయండి. లేదా "నేను" అనడం మానేసి, "ఆమెకు ఆ రోజు ఏమైందంటే" అని వేరే ఎవరి గురించో రాస్తున్నట్టు రాసి చూడండి. కొంచెం దూరం నుంచి చూస్తే కొన్ని సంగతులు తేలిగ్గా కనిపిస్తాయి.

ఫోన్ హాల్లో పెట్టి పడుకున్నా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకుండా రోజులు గడుస్తున్నా, చచ్చిపోవాలనిపించినా డైరీ మీద ఆధారపడకండి. డాక్టర్‌ను కలవండి, ఆలస్యం చేయకుండా.

మీవారి మాట ఒకటి మిగిలింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అన్నారు కదా, మీరు పుట్టినప్పుడు ఈ ఫోన్ లేదని ఆయనకు గుర్తు చేయండి. డైరీ మాత్రం చూపించవద్దనే నా సలహా. ఆయన చెడ్డవారని కాదు. చదివే మనిషి ఉన్నాడని తెలిస్తే మీరు ఆ మనిషి కోసం రాయడం మొదలుపెడతారు. ఒకచోట గొప్పగా, ఒకచోట జాలిగా. అప్పుడు ఆ పుస్తకం ఎందుకూ పనికిరాదు. పిల్లలకు కూడా అందని చోట పెట్టుకోండి, మొహమాటం అక్కర్లేదు.

ఆయనకు చెప్పాల్సింది వేరే ఉంది. పది రోజుల రాత అయ్యాక మీకు ఏం కావాలో స్పష్టంగా తెలుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి అరగంట పిల్లల్ని చూసుకోమని అడగాలో, పొద్దున ఒకరిని తయారు చేయమని అడగాలో, వంటింటి పనిలో సగం పంచుకోమనాలో. అందులో ఒక్కటి ఎంచుకుని, "నాకు సాయం చేయండి" అని కాకుండా వేళా పనీ చెప్పి అడగండి. రెండు వారాలు చేసి చూద్దాం అనండి. రాత్రి పదకొండింటికి, మీరిద్దరూ అలసిపోయి ఉన్నప్పుడు మాత్రం ఈ మాట ఎత్తకండి. సెలవు రోజు పొద్దున, పిల్లలు ఆటలో ఉన్నప్పుడు అడగండి.